ఏడో నెంబరు మంచం

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. అంత ధైర్యవంతుణ్ణేం కాదు గానీ, నా పని అలాంటిది. ముప్పై ఏళ్లకు పైగా మిషన్ల లోపల ఉండే చిన్న చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాసి బతికాను. మిషన్ మాట వినకపోతే జనం మొదట అనేది దెయ్యం పట్టిందనే. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది.

ఒక అపార్టుమెంటులో లిఫ్టు దానంతట అదే మూడో అంతస్తుకు వెళ్లి తలుపు తెరుచుకునేది. ఆ ఫ్లాటులో ఎవరో పోయారని, అందుకే వెళ్తోందని వాచ్‌మన్ చెప్పాడు. చూస్తే పై నుంచి కారిన నీళ్లకు తడిసిన వైరు. ఒక రైసు మిల్లులో కాటా అంకెలు మార్చేసేది. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలుపెట్టినప్పుడల్లా మారుతోందని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఒక పాల కేంద్రంలో అయితే వెచ్చదనం కోసం మిషన్‌లో దూరిన బల్లి. కారణం దొరకడం ఆలస్యమయ్యేది తప్ప దొరక్కపోవడం అన్నది లేదు.

నేను ఎప్పుడూ పర్మనెంటు ఉద్యోగం చెయ్యలేదు. కాకినాడలో చదువు అయ్యాక హైదరాబాదు వెళ్లి, బాలానగర్‌లో చిన్న చిన్న కంపెనీలకు కాంట్రాక్టు మీద పని చేశాను. తర్వాత బెంగళూరు. ఎవరో ఒక మిషన్ తయారు చేస్తారు, దానికి బుర్ర కావాలి. నేను వెళ్లి కొన్ని నెలలు కూర్చుని ప్రోగ్రాము రాసి, వాళ్ల చేతిలో పెట్టి వచ్చేసేవాణ్ణి. ఎస్టీడీ బూతుల్లో బిల్లు కొట్టే డబ్బాలు, కాటాలు, లిఫ్టులు, బోరు మోటారు స్టార్టర్లు. మొదట్లో చిప్పులో తప్పు రాస్తే దాన్ని ప్రత్యేకమైన దీపం కింద పెట్టి చెరిపి మళ్లీ రాయాలి. అది చెరిగేలోపు బయటికి వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లం.

ఈ పనిలో ఒక లోటు ఉంది. సినిమా తీసినవాడు హాల్లో కూర్చుని జనాన్ని చూసుకోవచ్చు. మేం రాసింది డబ్బా లోపల ఉంటుంది. వాడేవాళ్లకు లోపల ఒక ప్రోగ్రాము ఉందన్న సంగతే తెలియదు. నేను చేసినదాన్ని వాడుతున్న మనిషి మొహం చూసే అవకాశం నాకు చాలాకాలం రాలేదు.

నా భార్య రమణి అమలాపురం దగ్గర కొత్తపేటలో టీచరు. పిల్ల పెళ్లయ్యాక నేను బెంగళూరు వదిలి అక్కడికే వచ్చేశాను. ఇప్పుడు బోర్డులు కొరియర్లో వస్తాయి, మేడ మీద గదిలో కూర్చుని పని చేసుకుంటాను. అలా ఉండగా అమలాపురంలో నాకు తెలిసిన ఒక డాక్టరుగారు తన నర్సింగ్ హోమ్‌కి ఒక బెల్లు చేసి పెట్టమని అడిగారు. పై అంతస్తులో పన్నెండు మంచాల వార్డు. ఒక చివర సిస్టర్లు కూర్చునే బల్ల. ఎవరికేం కావాలన్నా చుట్టాలు గట్టిగా కేకలు వేస్తున్నారని ఆయన బాధ.

చిన్న పనే. ప్రతి మంచానికీ తలగడ దగ్గర వైరుకు వేలాడే ఒక స్విచ్చి. సిస్టర్ల బల్ల మీద ఒక డబ్బా. రోగి స్విచ్చి నొక్కితే డబ్బా మోగుతుంది, మంచం నెంబరు ఎర్రగా వెలుగుతుంది. బోర్డు, ప్రోగ్రాము, వైరింగు అన్నీ నేనే చేసుకున్నాను.

బిగించాక ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి నొక్కి చూస్తుంటే, ఏడో మంచం మీద ఉన్న పెద్దావిడ నా చేతిలోని స్విచ్చి వైపు చూస్తూ పలకరించారు. ఆవిడే సత్తెమ్మగారు. పి.గన్నవరం దగ్గర ఏటి మధ్యలో ఒక లంక ఊరు. అరటితోటలో పనికి వెళ్లి గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది గానీ కుట్లు మానక వారాల తరబడి అక్కడే ఉన్నారు. భర్త లేరు. ఒక్కతే కూతురు, దుర్గ, కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. ఊరి నుంచి చుట్టాలావిడ ఒకరు క్యారేజీ తెచ్చి ఇచ్చి వెళ్లేవారు.

అది నొక్కితే అంత దూరంలో బల్ల దగ్గరున్న సిస్టరమ్మాయికి ఎలా తెలుస్తుందని సత్తెమ్మగారు అడిగారు. చెప్పాను. శ్రద్ధగా విన్నారు. అప్పటివరకూ నా పని గురించి నన్ను అలా అడిగినవాళ్లు లేరు. తర్వాత ఎనిమిదో మంచం వైపు చూపించి గొంతు తగ్గించారు.

"ఆవిడకి నోట మాట రావట్లేదండీ. ఆవిడ కోసం నేను నొక్కొచ్చా బాబుగారూ?"

నొక్కొచ్చు గాని అక్కడ మీ నెంబరే పడుతుందని చెప్పాను.

"పడితే పడనివ్వండి. ఆ పిల్ల వస్తది కదా."

ఆ తర్వాత సంగతి కరుణ సిస్టర్ చెప్పింది. వార్డుకు పెద్ద ఆవిడే. మొదట్లో ఏడో నెంబరు పడగానే సిస్టర్లు సత్తెమ్మగారి దగ్గరికి పరిగెత్తేవారట. ఆవిడ తనకేం వద్దని తల ఊపి, గడ్డంతో పక్క మంచం చూపించేవారట. ఆరులో పాపకు సెలైన్ అయిపోయిందనో, ఎనిమిదిలో ఆవిడకు దాహంగా ఉందనో. పోనుపోను ఏడు పడితే సిస్టర్లు అటూ ఇటూ చూడటం అలవాటు చేసుకున్నారు. తన కోసం మాత్రం ఆవిడ ఒక్కసారీ నొక్కలేదు.

నేను అమలాపురం వెళ్లినప్పుడల్లా ఏదో వంక పెట్టుకుని ఆ వార్డుకు వెళ్లేవాణ్ణి. "ఏమండీ, మీ గంట బాగా పలుకుతోందండీ" అనేవారు సత్తెమ్మగారు. ఆ మాట కోసమే వెళ్లేవాణ్ణేమో.

వానాకాలం మొదట్లో ఆవిడకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పట్టింది. ఒక రోజు తెల్లారి కరుణ సిస్టర్ డ్యూటీకి వచ్చి చూసేసరికి ప్రాణం పోయింది. స్విచ్చి తలగడ పక్కనే, చేతికి అందేలాగే ఉందట. నొక్కలేదు. ఆ మాట చెప్పేటప్పుడు సిస్టర్ నా వైపు చూడలేదు. దుర్గకు అక్కడివాళ్లు సెలవు ఇవ్వలేదు. ఫోన్లోనే చూసింది అమ్మని.

కొన్నాళ్లకు కరుణ సిస్టర్ నుంచి ఫోన్ వచ్చింది. ఏడో నెంబరు దానంతట అదే మోగుతోందట, మంచం ఖాళీగా ఉన్నప్పుడు కూడా. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ముసురు పట్టి ఉంది, మా ప్రాంతంలో ఆ రోజుల్లో గోడలే చెమటలు పడతాయి. వెళ్లి స్విచ్చి మార్చాను. మళ్లీ మోగింది. వైరు మొత్తం లాగి కొత్తది వేశాను. మళ్లీ మోగింది. డబ్బాలో బోర్డు మార్చాను.

బోర్డు మార్చిన రోజున టీ తాగుతూ కరుణ సిస్టర్ అసలు మాట చెప్పింది. అది ఊరికే మోగడం లేదని. మోగిన ప్రతిసారీ ఆరులోనో ఎనిమిదిలోనో ఎవరికో అవసరం ఉందని. ఒకసారి ఒక పెద్దాయన మంచం మీంచి సగం కిందికి జారిపోయి ఉన్నారు. ఇంకోసారి ఒక అమ్మాయికి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది.

నేను నవ్వాను. వార్డన్నాక ఎప్పుడూ ఎవరికో ఏదో అవసరం ఉంటుంది, మోగినప్పుడు వెళ్లి వెతికితే దొరుకుతుంది, మోగనప్పుడు వెతకం కదా అన్నాను. ఆమె వాదించలేదు. "ఆయ్, అంతేనేమోనండీ" అంది.

బోర్డు మార్చినా మోగింది. డాక్టరుగారికి విసుగొచ్చింది. రోగులు గుసగుసలు మొదలుపెట్టారు, ఏడులో పడుకోమంటే వద్దంటున్నారు. ఏడునే మొత్తం తీసెయ్యమన్నారు. ఆ మంచాన్ని కింద ఇంజెక్షన్లు ఇచ్చే గదిలో వేయించి, ఆ ఖాళీలో చుట్టాలు కూర్చోవడానికి ఒక చెక్క బల్ల వేయించారు.

నేను ఏడో వైరును డబ్బా లోపలే కోసి, కొసలకు టేపు చుట్టాను. ప్రోగ్రాములో కూడా ఏడుకు సంబంధించినదంతా తీసేసి, కొత్తది చిప్పులోకి ఎక్కించాను. ఇకపై ఆ డబ్బాకు ఆరు తెలుసు, ఎనిమిది తెలుసు. ఏడు అన్న అంకెను వెలిగించమని చెప్పే మాట దాని లోపల ఎక్కడా లేదు. ఇది నేను నమ్మకంతో చెబుతున్న మాట కాదు, నా చేతులతో చేసిన పని.

ఆ తర్వాత మోగలేదు. నెలలు గడిచాయి. నేనూ మర్చిపోయాను.

చలికాలంలో రమణికి పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆ డాక్టరుగారి దగ్గరే ఆపరేషన్ చేయించాం. ఖాళీగా ఉన్నది ఎనిమిదో మంచమే. పక్కన చెక్క బల్ల మీద నేను. అంతా బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్న నాలుగు మాటలు మాట్లాడింది, ఇంట్లో మొక్కలకు నీళ్లు పోశారా అని అడిగింది. మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే నిద్ర పోతోందనుకుని, కొబ్బరినీళ్లు తెద్దామని కిందికి వెళ్లాను.

తిరిగి వచ్చి, అవి ఇప్పుడే ఇవ్వొచ్చా అని అడగడానికి కరుణ సిస్టర్ బల్ల దగ్గర ఆగాను. ఆమె ఏదో రాసుకుంటోంది. అప్పుడు డబ్బా మోగింది.

ఎర్రగా ఏడు.

పట్టపగలు. నాకూ దానికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. నేను ఆ అంకెనే చూస్తూ నిలబడిపోయాను. ఎక్కడ తప్పు జరిగిందా అని బుర్ర అప్పుడే లెక్కలు వేస్తోంది. కరుణ సిస్టర్ అంకె వైపు ఒక్క చూపు చూసి లేచి పరిగెత్తింది. చెక్క బల్ల దాటి తిన్నగా ఎనిమిదో మంచం దగ్గరికి.

రమణి మొహం కాగితంలా తెల్లబడి ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట. పిలిస్తే పలకలేదు. ఆమె స్విచ్చి మంచం పక్కకు జారి, నేలకు అందీ అందకుండా వేలాడుతోంది. లోపల రక్తం కారుతోందని డాక్టరుగారు వెంటనే పోల్చుకుని మళ్లీ థియేటర్లోకి తీసుకెళ్లారు.

ఆ తలుపు బయట నేను ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. కొబ్బరినీళ్ల సీసా చేతిలోనే ఉండిపోయిందని తర్వాత ఎవరో తీసుకుంటే తెలిసింది. డాక్టరుగారు బయటికి వచ్చి భయం లేదన్నారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదని కూడా అన్నారు.

రమణి కోలుకున్నాక ఆ డబ్బాను ఇంటికి తెచ్చుకున్నాను. దాని బదులు పాత బోర్డుతో ఇంకో డబ్బా బిగించి వచ్చాను, అందులోనూ ఏడు తీసేశాను. మేడ మీద గదిలో తెచ్చిన డబ్బాను విప్పి కూర్చున్నాను. చిప్పులో ఉన్న ప్రోగ్రామును బయటికి చదివి, నా దగ్గరున్నదానితో పోల్చాను. అక్షరం తేడా లేదు. ఏడో వైరు కోసిన చోట నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

ఒక్క దారి మిగిలింది. ఆ డబ్బాలో అంకెలు చిన్న గీతలతో వెలుగుతాయి. రెండు నిలువు గీతలు వెలిగితే ఒకటి. దాని నెత్తి మీద అడ్డగీత కూడా వెలిగితే ఏడు. ఒకటో మంచంవాళ్లు నొక్కినప్పుడు ఆ అడ్డగీత పొరపాటున వెలిగిందేమో అనుకున్నాను. కారణం దొరికిందని నా మనసు తేలికపడింది కూడా. కరుణ సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నం ఒకటో మంచం ఖాళీ. అందులో ఉన్నాయన పొద్దున్నే డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. అయినా ఆ గీత వెలిగేలా చెయ్యాలని బోర్డును వేడి చేశాను, తడిపాను, తట్టాను. ఒకటి ఒకటిలాగే వెలిగింది.

రమణిని ఒకసారి అడిగాను, ఆ మధ్యాహ్నం ఏమైనా గుర్తుందా అని. పెద్దగా ఏం గుర్తు లేదంది.

"దాహం వేసింది. పిలుద్దామంటే గొంతు రాలేదు. మీరు చెయ్యి పట్టుకుని కూర్చున్నారు కదా, భయం వెయ్యలేదు" అంది.

నేను అప్పుడు వార్డులోనే లేనని ఆమెకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మామిడికాయల రోజుల్లో దుర్గ సెలవు మీద వచ్చింది. అమ్మను చూసుకున్న సిస్టర్లకు ఇవ్వడానికి ఖర్జూరం పొట్లాలు పట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వచ్చిందని, నన్ను ఒకసారి రమ్మని కరుణ సిస్టర్ ఫోన్ చేసింది. వెళ్లాను. దుర్గకు ముప్పై అయిదేళ్లుంటాయేమో. సన్నగా ఉంది, వాళ్లమ్మలాగే ఎదుటివాళ్లు చెప్పేది తల పక్కకు వంచి వింటుంది. బెల్లు చేసింది ఈయనే అని చెబితే దణ్ణం పెట్టింది. ఫోన్లో అమ్మ రోజూ మీ గంట గురించే చెప్పేదండీ అంది.

అమ్మ ఉన్న చోటు చూస్తానంది. ముగ్గురం ఆ చెక్క బల్ల దగ్గర నిలబడ్డాం. చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే కరుణ సిస్టరే మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. మంచం ఖాళీగా ఉన్నప్పుడు మోగడం, పెద్దాయన జారిపోవడం, ఆఖరికి రమణి సంగతి. ఆమె చెబుతున్నంతసేపూ నేను దుర్గ మొహమే చూస్తున్నాను. భయపడుతుందేమో, శాంతి చేయించమంటుందేమో, చనిపోయిన తల్లి పేరు చెప్పి ఇవేం మాటలని కోప్పడుతుందేమో అనుకున్నాను.

అవేవీ చెయ్యలేదు. విన్నంతసేపు విని బల్ల వైపు చూసింది.

"మంచం తీసేసేరా అండీ?"

అవునమ్మా, అప్పుడే తీసేశాం అంది కరుణ సిస్టర్.

"మరి అమ్మెక్కడ పడుకుంటదండీ?" అంది దుర్గ. "ఆ తుంటితో బల్ల మీద కూర్చోలేదండీ."

మామూలు గొంతుతోనే అడిగింది. ఊళ్లో చుట్టాల ఇంట్లో దింపిన తల్లికి పక్క ఎక్కడ వేశారని అడిగినట్టుంది. సత్తెమ్మగారు మోగించినన్నాళ్లూ అందరం ఆరు వైపూ ఎనిమిది వైపూ పరిగెత్తాం. నేనయితే డబ్బా చుట్టూ తిరిగాను. మధ్యలో ఆవిడ సంగతి ఏమిటని అడిగినవాళ్లం లేం.

రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు గుమ్మం దగ్గర ఆగి వింటున్నారని అప్పుడు చూశాను. ఆయన ఇలాంటివి నమ్మరు. అయినా అటెండరును పిలిచి, కింద ఇంజెక్షన్ గదిలో ఉన్న మంచం పైకి తెమ్మన్నారు.

మంచం వచ్చింది. కరుణ సిస్టర్ ఉతికిన దుప్పటి పరిచి తలగడ సర్దింది. నేను స్కూటర్ డిక్కీలోంచి నా సామాను తెచ్చుకుని, ఏడో వైరును మళ్లీ కలిపాను. లాప్‌టాప్ తెరిచి తీసేసిన లైన్లన్నీ తిరిగి పెట్టాను. కాంట్రాక్టు పనిలో ఎన్నో వేల లైన్లు రాసి ఉంటాను. రాస్తుంటే కళ్లు మసకబారి మళ్లీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది ఆ రోజే.

పని చేస్తోందో లేదో చూడాలి కదా. కరుణ సిస్టర్ తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. స్విచ్చి దుర్గ చేతికి ఇచ్చి నొక్కమన్నాను. నొక్కింది. అటు డబ్బా మోగింది. మామూలుగా అయితే అక్కడి నుంచే 'పడిందండీ' అని కేక వేస్తే సరిపోతుంది. కరుణ సిస్టర్ అలా చెయ్యలేదు. లేచి వార్డంతా నడుచుకుంటూ వచ్చి ఏడో మంచం పక్కన నిలబడింది. అందరు రోగులనూ అడిగినట్టే అడిగింది.

"ఏం కావాలమ్మా?"

దుర్గ స్విచ్చిని రెండు చేతుల్తో పట్టుకుని తలగడ వైపు చూస్తూ చెప్పింది.

"ఏం వద్దండీ. ఊరికే పిలిచేను."

తర్వాత స్విచ్చిని తలగడ పక్కన పెట్టి, దుప్పటి అంచు ఒకసారి సర్దింది.

ఇప్పుడు ఆ మంచం మీద రోగులు పడుకుంటున్నారు, కావలసినప్పుడు నొక్కుకుంటున్నారు. ఎవరూ నొక్కకుండా మళ్లీ మోగిందా అన్నది కరుణ సిస్టర్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం లేని వైరు మీదుగా, లేని ప్రోగ్రాముతో ఏడు ఎలా వెలిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారులన్నీ చూశాను. సిస్టర్లు మాత్రం ఏడు పడితే ముందు అటూ ఇటూ చూసి, అక్కడి పని అయ్యాక, ఏడో మంచం ఖాళీగా ఉన్నా సరే, దాని దగ్గర కూడా కాసేపు నిలబడి వస్తున్నారట.